కమాను మీద బొట్టు

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి, నెత్తిన ఎండ మాడ్చేస్తుంటే, మనిషికి భయమేస్తుందా? డిటెక్టివ్ ఆమోసుకి వేసింది. ఎవరితోనూ చెప్పుకోలేదు గానీ, వేసిన మాట నిజం.

ఉయ్యూరుకి నాలుగు మైళ్ల అవతల, చెరుకు కొట్టేసిన చేలో గుండ్రంగా చదును చేసిన మట్టి బాట అది. మొన్న ఆదివారం అక్కడ కార్ల పందెం జరిగింది. ఐదు కార్లు, పన్నెండు చుట్లు. తొమ్మిదో చుట్టులో రామకోటేశ్వరరావు అనే ఆసామి నడుపుతున్న పాత ఫియట్ మూల తిరుగుతూ పల్టీ కొట్టింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. ఆ కారుకి వెనక కమాన్లు, అంటే బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, కట్టిన మెకానిక్ శౌరయ్యని పోలీసులు తీసుకెళ్లి రెండు రోజులు ఊరికే కూర్చోబెట్టి, నిన్న కాగితం మీద అరెస్టు చూపించారు. ఒక పక్క ఏడు పట్టీల కమాను, ఇంకో పక్క ఐదు పట్టీల కమాను వేసి మనిషిని కావాలనే చంపాడన్నది కేసు.

ఇవాళ బుధవారం. సాయంత్రం నాలుగింటికి శౌరయ్యని బెజవాడ కోర్టుకి తరలిస్తారు. అదే నాలుగింటికి కారుని చనిపోయినాయన తాలూకు వాళ్లకి ఇచ్చేస్తారు, వాళ్లు దాన్ని కోయించి పాత ఇనుముకి వేస్తారు. కారు ముక్కలైపోతే ఇక శౌరయ్య తరఫున సాక్ష్యం చెప్పే వస్తువు భూమ్మీద ఉండదు. నిన్న మధ్యాహ్నం శౌరయ్య భార్య తెరేసమ్మ బెజవాడ గవర్నర్‌పేటలో ఆమోసు ఆఫీసు మెట్లెక్కి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పిన సంగతి ఇదే. "మా ఆయన చేతులు ఇనుము వంచుతాయండీ, మనిషిని చంపవు" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆమోసు ఏదో ఒకటి చెప్పి పంపేసేవాడేమో!

పదేళ్లు ఇన్సూరెన్సు కంపెనీకి కార్ల ప్రమాదాలు చూసి రిపోర్టులు రాసిన మనిషి ఆమోసు. బోల్తాపడ్డ కార్లు అతనికి కొత్త కాదు. కొత్తగా ఉన్నది ఈ చేలో నిశ్శబ్దం. కాకి లేదు, కొంగ లేదు. ఆ వలయం మీద ఒక్క పశువు అడుగు జాడ కూడా లేదు. చుట్టుపక్కల గేదెలన్నీ గట్టు దాకా వచ్చి, అక్కణ్ణించి వెనక్కి తిరిగి పోతున్నాయి.

వలయం నడిమధ్యన నడుమెత్తు రాయి ఒకటుంది. ముత్యాలమ్మ. రాయి పక్కన తాటాకు పందిట్లో, అమ్మవారికి రోజూ దీపం పెట్టే మాణిక్యమ్మ కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్లుంటాయి. చూపు మాత్రం సూదిమొన.

"ఎవరి తాలూకు బాబూ నువ్వు?"

"శౌరయ్య తాలూకు, మామ్మా. పందెం ఎటు తిరిగిందో చెప్పు."

"అదే కదా గొడవంతా! వారం రోజులు ఎడమకి తిప్పారు. అమ్మని ఎడంచేతి పక్కన పెట్టుకుని తిరగటమేంటయ్యా, శవం చుట్టూ తిరిగినట్టు? ఊళ్లోవాళ్లు కర్రలెత్తారు. శనివారం నాలుగింటికి పందెం కమిటీ వాళ్లు దిగొచ్చారు. అమ్మ కుడిచేతి పక్కనే ఉంటుంది, ప్రదక్షిణంగానే తిప్పుతాం అని రాయి మీద చెయ్యేసి చెప్పారు."

"అప్పుడు శౌరయ్య ఏం చేశాడు?"

"అప్పటికప్పుడు వెనక చక్రాలు విప్పి, ఆ పక్క కమాను ఈ పక్కకి, ఈ పక్కది ఆ పక్కకి మార్చాడు. పొద్దుగూకే ముందు ఆ పోయినాయన తిప్పి చూశాడు. ఎంత బాగా పోయిందనుకున్నావ్! నాలుగు చక్రాలూ నేలనంటుకుని పోయినయ్."

"ఆదివారం?"

ముసలమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ఆదివారం అమ్మ లేపింది బాబూ."

"ఏం లేపింది?"

"చక్రం. నాకేసి ఉన్న వెనక చక్రం. ఇదిగో, ఈ మూలకి వచ్చినప్పుడల్లా లేచేది. మొదట జానెడు. ఐదో చుట్టుకి మూరెడు. కారు అటు ఒరిగేది, చక్రం గాల్లో తిరుగుతూ నాకేసి చూసేది. తక్కిన నాలుగు కార్లకీ లేవలా. దానికొక్కదానికే. నేను కళ్లు మూసుకున్నా. మళ్లీ తెరిచేసరికి కారు లేదు, దుమ్ము ఉంది."

ఆమోసు నోట్‌బుక్కులో రాసుకున్నాడు. శనివారం ఆరు గంటలకి లేవని చక్రం ఆదివారం పదింటికి లేచింది. అమ్మవారే లేపిందో, మరెవరైనా లేపారో గానీ, లేపింది మాత్రం ఆ పదహారు గంటల్లోనే.

"ఇప్పుడూ తిరుగుతుంది. ఇదే వేళకి. చూడు" అంది మాణిక్యమ్మ, చాలా మామూలుగా.

ఆమోసు తలెత్తాడు. బాట అవతలి కొస నుంచి సన్నటి సుడిగాలి ఒకటి లేచింది. చెరుకాకుల్ని సుడి తిప్పుకుంటూ, చేలోకి పోకుండా, గట్టెక్కకుండా, సరిగ్గా చక్రాల జాడల మీదే నడుచుకుంటూ వచ్చింది. అమ్మవారిని కుడిచేతి పక్కన పెట్టుకునే వచ్చింది. కారు పల్టీ కొట్టిన మూల దాకా వచ్చి, ఠక్కున పడిపోయింది. ఆకులు నేల రాలాయి. గాలి ఎక్కడా లేదు.

సుడిగాలి పల్లం వెంట పోతుంది, బాట చుట్టూ గట్టు పోశారు కాబట్టి అలా వచ్చింది అని ఆమోసు తనకి తాను నచ్చచెప్పుకున్నాడు. నచ్చచెప్పుకుంటూనే అక్కణ్ణించి కాస్త వడివడిగా నడిచాడు.

* * *

కారుని చెరుకు తూచే కాటా పక్కనున్న రేకుల షెడ్డులో పెట్టారు. కాపలా కానిస్టేబులు షెడ్డులో కూర్చోవాల్సింది. ముప్ఫై గజాల దూరంలో తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. కారు నాలుగు మూలలా నాలుగు నిమ్మకాయలు కోసి పెట్టి ఉన్నాయి. డ్యూటీలో భాగమే కాబోలు!

పైకప్పు సీట్ల దాకా అణిగిపోయింది. ఎడమ వెనక చక్రం మెలిపడి ఉంది, దాని అంచుల్లో పిడికెడు మెత్తమట్టి ఇంకా ఇరుక్కునే ఉంది. ఆమోసు కోటు విప్పి, జాకీ పెట్టి, కుడి వెనక చక్రం ఊడదీశాడు. చక్రం ఊడగానే లోపల కమాను "కిర్ర్..." మంటూ మూలిగింది. ముందు సీట్లో ఎవరో ఎక్కి కూర్చున్నట్టు కారు కుడి పక్కకి మెల్లిగా కుంగింది.

"ఏయ్! ఎవరది?"

ఆ కేక వేసింది సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తిరుపతిరావు. గుమ్మంలో లాఠీ పట్టుకుని నిలబడ్డాడు. కుంగిన కారు కేసి చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. ఆమోసు చూశాడని గ్రహించి రెండడుగులు ముందుకి వేశాడు.

"ఏమయ్యా ఆమోసూ, పోలీసు కస్టడీలో ఉన్న కారుని విప్పటానికి నీకెవరిచ్చారు పర్మిషను?"

"మీరే ఇచ్చారండీ. ముద్దాయి తరఫు మనిషి ఒకసారి చూసుకోవచ్చని నిన్న కాగితం మీద సంతకం పెట్టారు. జేబులోనే ఉంది, చూపించమంటారా?"

"చూసుకోమన్నాను, విప్పుకోమన్లేదు."

"విప్పకుండా చూసేది మీరు చూసేశారు కదండీ."

తిరుపతిరావు మీసం అదిరింది. "చూశానయ్యా. ఒక పక్క ఏడు, ఒక పక్క ఐదు. కుంటి గుర్రాన్ని పందేనికి వదిలినట్టు వదిలాడు. ఇంతకంటే ఏం కావాలి? నాలుగింటికి వెంకటకృష్ణారావు గారు వచ్చి కారు తీసుకెళ్తారు. పోయినాయనకి స్వయానా బావమరిది. పందెం కమిటీ కార్యదర్శి కూడా ఆయనే. ఎంత దొడ్డ మనసంటే, మీ శౌరయ్య పెళ్లానికి లాయర్ని కూడా తనే చూపిస్తానన్నాడట. నువ్వేమో ఇక్కడ బోల్టులు విప్పుతున్నావ్!"

"అయ్యా, ఆ ఏడూ ఐదూ తప్పు కాదండీ. అదే పనితనం" అన్నాడు ఆమోసు, మట్టిచేతులు దులుపుకుంటూ. "రోడ్డు మీద కారు రెండు పక్కలా తిరగాలి, రెండు కమాన్లూ సమంగా ఉండాలి. ఈ పందెంలో కారు ఒకే పక్కకి తిరుగుతుంది. కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమకి, అంటే బయటి పక్కకి పడుతుంది. అందుకని బయటి పక్క గట్టి కమాను, లోపలి పక్క మెత్తది. అప్పుడు కారు ఒరగదు, వెనక భాగం మట్టి మీద తేలిగ్గా జారి మూల తిరుగుతుంది. అదే తిరగేసి కట్టామనుకోండి. బయటి పక్క చతికిలబడుతుంది, లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది, బయటి చక్రం మట్టిలో దిగబడుతుంది. అంతే సంగతులు."

"అయితే?"

"కుడి పక్కకి తిరిగే పందెంలో గట్టి కమాను ఎటుండాలి?"

"ఎడమకి అన్నావుగా."

"ఇటు వచ్చి లెక్కపెట్టండి."

తిరుపతిరావు వచ్చాడు, కానీ వంగలేదు. లాఠీ కొసతోనే ఒక్కో పట్టీ తాకుతూ లెక్కపెట్టాడు. కుడి పక్క ఏడున్నాయి.

ఆమోసు వెదురుపుల్లతో కమాను మీద ఎండిన మట్టి గీకాడు. దాని కింద తెల్ల పెయింటుతో రాసిన అక్షరం బయటపడింది. 'ఎ'.

"శనివారం సాయంత్రం కమాన్లు మార్చేటప్పుడు శౌరయ్య రాసిన గుర్తు ఇది. ఎడమ పక్కది అని. ఎడమ పక్క ఉండాల్సిన కమాను కుడి పక్కకి ఎలా వచ్చిందండీ?"

"ఎలా వస్తుంది? వాడే రాత్రికి రాత్రి మార్చాడు. నీ మాటలతో నువ్వే వాడి మెడకి ఉరి బిగించావ్. చాలా థాంక్స్!" ఇన్‌స్పెక్టరు పెద్దగా నవ్వాడు. రేకుల షెడ్డులో ఆ నవ్వు రెండుసార్లు వినిపించింది. ఆయనకే బాగున్నట్టు లేదు, మధ్యలో ఆపేశాడు.

ఆమోసు అప్పటికే కమానుని ఇరుసుకి బిగించే ఇనుప ప్లేటు మీద మట్టి గీకుతున్నాడు. పుల్ల ఆగిపోయింది.

మట్టి కింద పచ్చగా ఉంది. ఇంకాస్త గీకాడు. పచ్చటి మచ్చ మధ్యలో ఎర్రటి చుక్క. నూనె తుడిచిన ఇనుము మీద, వేలితో అద్దిన పసుపు, దాని నడుమ కుంకుమ. మూడు రోజులు మట్టి కింద ఉండి కూడా ఆ ఎరుపు తడారనట్టే కనిపించింది. ఒక మనిషి చావుకి ఏర్పాటు చేసి, దానికి బొట్టు పెట్టి వెళ్లాడా?

"పందెం రోజు కారుకి పూజ చేయరా ఏంటి?" అన్నాడు తిరుపతిరావు. గొంతు మాత్రం తగ్గింది.

"చేస్తారండీ. బానెట్టుకి పెడతారు, స్టీరింగుకి పెడతారు, చక్రానికి పెడతారు. ఇక్కడ ఎవరు పెడతారు? చక్రం బిగించాక ఇక్కడికి చెయ్యి దూరదు. కావాలంటే అటుపక్క చక్రం వెనక చెయ్యి పెట్టి చూడండి. చక్రం ఊడి ఉండగా, కమాను బిగించటం అయిపోయాక, బిగించిన చెయ్యే ఇది పెట్టింది. ఏ పని ముగించినా బొట్టు పెట్టి కళ్లకద్దుకునే చెయ్యి. అలవాటు. తనకి తెలియకుండానే పెట్టేసింది."

"శౌరయ్యే పెట్టుండొచ్చుగా?"

"వాడు మెడలో జపమాల వేసుకున్న క్రైస్తవుడండీ. ఆదివారం పొద్దున ఆరింటికి సైకిలెక్కి ఉయ్యూరు చర్చికి వెళ్లి తొమ్మిదింటికి తిరిగొచ్చాడు. ఫాదరు గారు ఆ మాట రాసిచ్చారు. ఈ మూడు గంటల్లో ఇంకో చెయ్యి ఈ కారు మీద పనిచేసింది. ఆ చెయ్యి ఎవరిదో తేలే దాకా ఈ కారు కోయటానికి వీల్లేదు. మీరు కోయిస్తే, బొట్టు సంగతి నేను జడ్జి గారికి చెబుతాను, కోయించిన వారి పేరుతో సహా."

తిరుపతిరావు చాలాసేపు ఆ ఎర్రచుక్కని చూశాడు. మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. ఆమోసు మీద కోపం మొహాన అలాగే ఉంచుకుని కానిస్టేబుల్ని కేకేశాడు.

"కారుని ఎవరూ ముట్టుకోకూడదు. వెంకటకృష్ణారావు గారు వచ్చినా సరే. నువ్వు జీపెక్కవయ్యా. ఈ మాట శౌరయ్య మొహం మీదే అడుగుదాం."

* * *

స్టేషనుకి వచ్చేసరికి మూడవుతోంది. తెరేసమ్మ అరుగు మీద సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెనీ లోపలికి పిలిచారు. శౌరయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మూడు రోజుల్లో చిక్కి సగమైపోయాడు.

ఆమోసు సంతోషంగానే మొదలుపెట్టాడు. "శౌరయ్యా, నీ కష్టం గట్టెక్కినట్టే. కమాన్లు తారుమారు చేసింది నువ్వు కాదని తేలిపోయింది. చేసినవాడు ప్లేటు మీద బొట్టు పెట్టి పోయాడు."

శౌరయ్య తలవంచుకున్నాడు.

"నేనే పెట్టానండీ" అన్నాడు.

"ఏంటీ?"

"బొట్టు నేనే పెట్టాను. కమాన్లు నేనే మార్చాను. కోర్టుకి పంపించెయ్యండి."

ఇన్‌స్పెక్టరు గెలిచినట్టు ఆమోసు వైపు తిరిగాడు. ఆమోసు ఆయన్ని పట్టించుకోలేదు. విడుదలవుతావంటే ఏడుపు మొహం పెట్టే ముద్దాయిని అతను ఇంతవరకు చూడలేదు.

"పెట్టావా? ఏ ప్లేటు మీద? కుంకుమ ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా?"

"ఏదో... కుంకుమే. బానెట్టు కింద..."

"అబద్ధం!" తెరేసమ్మ చేతిలోంచి గిన్నె జారి అన్నం నేలపాలైంది. "ఎందుకయ్యా ఇంకా? నీకు ఉరేస్తే ఆ ముసలాయన మాత్రం బతుకుతాడా? అయ్యా, పసుపు పెట్టి దాని మీద కుంకుమ చుక్క కదూ? అది మా మావయ్య చెయ్యండీ. పుల్లయ్య. మేమంతా కలిసి బాప్తిస్మం తీసుకుని పదిహేనేళ్లయింది. అయినా కొలిమి పనివాడు కదా, పని ముగిసిందంటే ఆయన వేలు ఆగదు. పానాల పెట్టెలో కుంకుమ భరిణె దాచుకుంటాడు. ఫాదరు గారు ఎన్నిసార్లు కోప్పడ్డారో!"

శౌరయ్య గోడ వెంట జారి నేల మీద కూలబడ్డాడు. ఇక దాచటానికి ఏమీ మిగల్లేదు. వెక్కుతూ చెప్పాడు.

"నేను చర్చికి పోతూ మా నాన్నని కారు దగ్గర కూర్చోబెట్టానండీ. ఏడింటికి ఎవరో వచ్చి, పందెం మళ్లీ ఎడమకే తిప్పుతున్నారు, కొడుకొచ్చేసరికి కమాన్లు మార్చి ఉంచమని చెప్పారట. నాకు శ్రమ తప్పుతుందని అరవై ఎనిమిదేళ్ల మనిషి ఒక్కడే మార్చేశాడు. అవగానే, పెట్రోలు డబ్బా తెమ్మని ఊళ్లోకి పంపేశారట. నేను వచ్చేసరికి నాన్న లేడు. చక్రాలు బిగించే ఉన్నాయి, రాత్రి నేను చూసిందే కదా అని మళ్లీ చూసుకోలేదు. నాన్న తిరిగొచ్చేసరికి శవాన్ని బయటికి లాగుతున్నారు. కుడికి తిప్పారని అప్పుడు తెలిసిందాయనకి. నేనే చంపాను రా అని నా కాళ్ల మీద పడ్డాడండీ. కన్నతండ్రి! ఎలా చెప్పను?"

"చెప్పింది ఎవరు?"

"పేరు చెప్పలేదండీ. అంత పెద్దమనిషి అబద్ధమాడాడంటే మనల్ని ఎవరు నమ్ముతారు రా అన్నాడు. అంతే."

ఆమోసు తెరేసమ్మ పక్కనే బల్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, మీ మావయ్య ఇప్పుడెక్కడున్నాడు?"

"బెజవాడ వెళ్లాడండీ, లాయరు గారి దగ్గరికి. వెంకటకృష్ణారావు గారే పొద్దున తొమ్మిదింటికి ఇంటికొచ్చి తన కారులో కూర్చోబెట్టుకున్నారు. మావయ్య ఎక్కనని మొండికేశాడు. గుమ్మం పట్టుకుని వదల్లేదు. నేనే తిట్టి ఎక్కించాను."

"ఆయనకి మీ మావయ్య సంగతి ఎలా తెలిసింది?"

"నేనే చెప్పానండీ నిన్న సాయంత్రం. ఈయన వద్దన్నాడని మీ దగ్గర దాచాను గానీ మనసాగలేదు. ఆయన పెద్దమనిషి, లాయర్ని చూపిస్తానన్నాడు కదా అని, మా మావయ్య ఆదివారం పొద్దున కారు దగ్గరే ఉన్నాడండీ, రేపు డిటెక్టివ్ గారితో మాట్లాడిస్తాను అని చెప్పాను. ఆయన మంచిదేనమ్మా అన్నారు. ఒక్కటే అడిగారు."

"ఏం అడిగారు?"

"పందెం ఎడమకి మారిందని ఎవరొచ్చి చెప్పారో, మీ మావ పేరు చెప్పాడా అని. నాకేం తెలియదండీ అన్నాను."

ఆమోసు లేచి నిలబడ్డాడు. బల్ల వెనక తిరుపతిరావు కూడా లేచాడు. ఇద్దరి మధ్యా అప్పటిదాకా ఉన్న పంతం ఎటు పోయిందో పోయింది.

"తెరేసమ్మా, సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఎవరో వచ్చి అలా చెప్పారన్న సంగతి నువ్వు ఆయనతో అన్నావా?"

ఆమె భర్త వైపు చూసింది, మళ్లీ ఆమోసు వైపు చూసింది. చూస్తూ ఉండగానే ఆమె కళ్లలో అర్థమవటం కనిపించింది.

"నేనెలా అంటానండీ? ఆ సంగతి నేను మొదట విన్నదే ఆయన నోటంట కదా."

ఇన్‌స్పెక్టరు అప్పటికే జీపు డ్రైవర్ని కేకేస్తూ బయటికి పరుగెత్తుతున్నాడు. గోడ గడియారంలో మూడు దాటి పది నిమిషాలైంది. తొమ్మిదింటికి పోయిన కారు ఇంకా తిరిగి రాలేదు.